ఏ అమ్మను పిలిచాడు?

ఒక పసివాడు పెరట్లోంచి "అమ్మా!" అని అరుస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు విన్నారు. ఇద్దరూ వెళ్లలేదు. మీరేం చూశారో చెప్పండి. రాతిగుండెలను చూశామంటారా? తొందరపడకండి. ముందు ఆ ఇంట్లోకి రండి.

చైనాలోని సూచౌ పట్టణంలో, ఫాన్ అనే పట్టు వ్యాపారి ఇంట్లో, తన చోటు ఎవరు లాక్కుంటారోనని రగిలిపోయే సూచిన్ అనే ఇల్లాలు ఉండేది. ఆమె పెద్ద భార్య. పిల్లలు కలగలేదు. అందుకని ఫాన్ చున్యాను రెండో భార్యగా తెచ్చుకున్నాడు. చున్యాకు పింగ్ పుట్టాడు.

ఆ కాలపు పెద్దిళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. చిన్న భార్య కన్న బిడ్డ పెద్ద భార్యనే "అమ్మా" అనాలి. కన్నతల్లిని "పిన్నీ" అనాలి. సూచిన్‌కు ఆ ఇంట్లో మిగిలిన గౌరవమల్లా ఆ ఒక్క మాటే.

ఒకరోజు మోకాలు చీరుకుపోయి, పింగ్ ఏడుస్తూ చున్యా ఒళ్లో దూరాడు. "అమ్మా" అన్నాడు.

"ఏమే, చాటుగా నేర్పుతున్నావా?" అంది సూచిన్.

"నొప్పికి అన్నాడక్కా. పసివాడు."

"నొప్పికైనా వాడి అమ్మను నేనే! ఇంకోసారి ఆ పిలుపుకు పలికావో, వాణ్ణి నా గదికి మార్చేస్తాను. నీ కంటికి కూడా కనపడడు."

చున్యా తక్కువదేం కాదు. "అలాగే అక్కా. జ్వరమొస్తే ఆ అమ్మే ఒళ్లు తుడవాలి మరి," అంది.

ఫాన్ టీ తాగుతూ నవ్వాడు. "మీ గొడవ లేకపోతే నాకు పొద్దే పోదు," అన్నాడు. ఆపగలిగినవాడు ఆపలేదు! ఆయన పెట్టిన చిచ్చులో వాళ్లు ఒకరినొకరు కాల్చుకున్నారు.

వసంతకాలంలో ఒక మధ్యాహ్నం సూచిన్ కిటికీ దగ్గర కుట్టుపని చేసుకుంటోంది. పెరట్లోంచి "అమ్మా!" అని కేక వినిపించింది. 'నన్ను కాదు. దాన్నే పిలుస్తున్నాడు,' అనుకుని సూది లాగింది. ఎదురు గదిలోంచి చున్యా గడప దాకా పరుగెత్తుకొచ్చింది. కిటికీలో ఉన్న సూచిన్ వైపు చూసింది. ఆగిపోయింది.

సూచిన్ తల ఊపితే చాలు. ఊపలేదు.

"అమ్మా!"

తర్వాత కేక లేదు. ఆ నిశ్శబ్దానికి ఇద్దరూ ఒక్కసారే పరుగెత్తారు. చేపల కొలను గట్టున, ఇంట్లో బట్టలుతికే ఛెన్ అవ్వ తడిసి ముద్దై కూర్చుని ఉంది. పింగ్‌ను బోర్లించి నీళ్లు కక్కిస్తోంది.

"చెవుడా మీకు?" అంది అవ్వ. అంతకంటే ఏమీ అనలేదు.

పింగ్ బతికాడు. కానీ అమ్మా అన్న మాట మళ్లీ అనలేదు. సూచిన్ మిఠాయి పెట్టి బతిమాలింది. "పోనీ, ఆమెనే అమ్మా అను నాయనా," అని చున్యాను చూపించింది కూడా. వాడు తల తిప్పుకున్నాడు. ఒకనాడు మెట్ల మీంచి జారి పడ్డాడు. ఇద్దరూ చేతులు చాచారు. వాడు మాత్రం "అవ్వా!" అని అరిచాడు.

చాచిన ఆ చేతులు అలాగే ఉండిపోయాయి. సూచిన్ చున్యా వైపు చూసింది. "నేను తల ఊపాల్సింది," అంది.

"నేను నీ వైపు చూడకుండా ఉండాల్సింది అక్కా," అంది చున్యా.

అమ్మ అనే పేరు కోసం పోట్లాడినవాళ్లకు అమ్మతనం దక్కదు. పిలుపు వినగానే లేచినవాళ్లకే అది దక్కుతుంది. మరి మీ ఇంట్లో ఎవరైనా పిలిస్తే, మీరు వెంటనే లేస్తున్నారా, ఎవరిని పిలిచారో తేల్చుకుని లేస్తున్నారా?