వాగుపేట బండ ఎవరిది?

నల్లకొండ అడవిలో సభ జరిగేది ఏటి మధ్య బండల మీద. ఒక్కో పేటకు ఒక్కో బండ. ఆ పేటవాళ్లు ఎన్నుకున్న జంతువే దాని మీద కూర్చోవాలి. పులి అయినా సరే, ఎన్నుకోకపోతే ఒడ్డున నిలబడి వినాల్సిందే.

వాగుపేట బండ మీద కూర్చునే తాబేలు తాత ఆ వేసవిలో కన్నుమూశాడు. సరిగ్గా అప్పుడే సభలో పెద్ద తగువు. వాగుపేట మడుగును అడవిదున్నల మందకు ఇచ్చేద్దామని సగం మంది, వద్దని సగం మంది. ఇచ్చేస్తే వాగుపేట కుందేళ్లకూ ఉడుతలకూ గుక్కెడు నీళ్లుండవు. తేల్చాల్సిన బండేమో ఖాళీ!

మడుగు మాకు దక్కితే ఒడ్డున పీతలన్నీ నీవేనని దున్నలు నక్క బావకు ఆశ పెట్టాయి.

"పెద్ద ఎన్నికలు ఎలాగూ వస్తాయి కదా! అందాకా ఆ బండ మీద నేను కూర్చుంటాలే" అన్నాడు నక్క బావ, ఎంతో త్యాగం చేస్తున్నట్టు మొహం పెట్టి.

ఎన్నికలు నడిపే గుడ్లగూబమ్మ కళ్లు గుండ్రంగా తిప్పింది. "కుదరదు నాయనా. ఖాళీ అయిన ఆ ఒక్క బండకే ఇప్పుడు ఎన్నిక పెడతాం. దాన్నే ఉప ఎన్నిక అంటారు. గెలిచినవాళ్లు తాతకు మిగిలిన కాలమే కూర్చుంటారు. ఆ తర్వాత అందరితో పాటు మళ్లీ ఎన్నిక."

"సరే, నేనూ నిలబడతా!"

పోటీకి ముళ్లపంది అక్క దిగింది. వాగుపేటలో ప్రతి బొరియ ముందూ ఆగి, "మీ కష్టమేంటమ్మా?" అని అడిగింది. నక్క బావ అటు కాలే పెట్టలేదు. ఏనుగు తాతకు చెరుకు గడలు మోశాడు, ఎలుగు మామకు తేనెపట్టు తెచ్చిచ్చాడు. "పెద్దవాళ్లంతా నా వైపే. ఉడుతల ఓట్లు ఎవడిక్కావాలి?" అని మీసం దువ్వుకున్నాడు.

ఓట్ల రోజు అడవంతా వచ్చింది. పొద చాటున రెండు గుంటలు. నచ్చినవారి గుంటలో గులకరాయి వేయాలి.

"రండి తాతా, మొదటి రాయి మీదే!" అన్నాడు నక్క బావ.

ఏనుగు తాత ఆగిపోయాడు. "నేనెలా వేస్తాను బావా? మా బండ మీద మావాడు కూర్చునే ఉన్నాడుగా. ఖాళీ అయింది వీళ్లది. వేయాల్సిందీ వీళ్లే."

"మరి నా తేనె తినేటప్పుడు చెప్పలేదేం మామా?"

"నువ్వు అడగలేదుగా!" అన్నాడు ఎలుగు మామ, మూతి నాక్కుంటూ.

అప్పుడు జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నోట గులకరాయితో ఒక ముసలి ఉడుత వచ్చింది. కొండంత ఏనుగు తాత పక్కకు జరిగి, తొండం ఎత్తి దానికి దారి ఇచ్చాడు. పులి కూడా ఒక అడుగు వెనక్కి వేసింది. గుప్పెడంత ప్రాణి పొద చాటుకు వెళ్లి తన రాయి వేసి వచ్చేదాకా అడవంతా నిలబడి చూసింది. మన లోక్‌సభలో కుర్చీ ఖాళీ అయినా ఇంతే పిల్లలూ. ఆ నియోజకవర్గం వాళ్లే ఓటు వేయాలి.

ముళ్లపంది అక్క గుంట నిండి పొంగింది. నక్క బావ గుంటలో ఒక్క రాయీ లేదు. తన రాయి తనే వేసుకుందామన్నా, అతనిది వేరే పేట!

మర్నాడు అక్క బండెక్కి, "మడుగు ఇవ్వం" అంది. తగువు అక్కడితో తెగిపోయింది. నక్క బావ ఒడ్డున నిలబడి విన్నాడు.

నీతి: ఖాళీ అయిన చోటు ఎవరిదో, దాన్ని నింపే హక్కూ వాళ్లదే.