లాకు పడని తలుపు

కాకినాడలో పాత కార్లకు వెల్డింగ్ చేసే నూకరాజు పనిలో మేటే గాని, ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే "తెలుసులే" అనేసేవాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికి ఒకడు. వాడు నూకరాజుకు దగ్గర చుట్టమే అయ్యుండాలి. కళ్ళకు నల్లద్దం పెట్టుకున్నట్టే చెవులకూ ఏదో పెట్టుకుని ఉంటాడని పక్క షెడ్ల వాళ్ళు నవ్వుకునేవారు.

అతని షెడ్డులో మస్తాన్ అనే ఫిట్టరు పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తుండేవాడు. మస్తాన్‌ది నిదానపు మాట. ఒక ముక్క చెప్పడానికి రెండుసార్లు ఆగేవాడు. పాపం, అతను ఆగిన చోటల్లా నూకరాజు "తెలుసులే" వచ్చి కూర్చునేది.

ఒకరోజు సుభద్రగారనే రిటైరైన లెక్కల టీచరు, టాపు లేని పాత కారొకటి నడుపుకుంటూ వచ్చారు. అది వాళ్ళ నాన్నగారి కారు. ఇంజను బాగానే ఉంది గాని, చిన్న గతుకు తగిలితే చాలు, బాడీ అంతా అదిరిపోయేది. తలుపులు గలగలమనేవి. ముందు అద్దం వణికేది.

"టాపు లేని బండికి ఒంట్లో బిగువుండదండి," అన్నాడు నూకరాజు. "పైన కప్పు లేదు కాబట్టి కిందే ఊతమియ్యాలి. అడుగున కత్తెరలాగా రెండు ఇనప పట్టీలు, తలుపుల కింద చెరో పట్టీ వేసి వెల్డింగ్ చేస్తే అదురన్నది ఉండదండి."

"మా అక్క కోసమండి ఇదంతా," అన్నారు సుభద్రగారు. "ఆవిడకి వెన్నుపూస జబ్బు. చిన్నప్పుడు నాన్నతో తిరిగినట్టు, ఈ కార్లో ఒక్కసారి ఉప్పాడ రోడ్డు మీద సముద్రం చూసి రావాలని ఆశ. ఈ అదురు ఆవిడ తట్టుకోలేదు. డాక్టరుగారు ఏమన్నారంటే, ఆవిడ ఇంకా..."

"తెలుసండి, అందరికీ తొందరే. వారంలో ఇచ్చేస్తాను," అన్నాడు నూకరాజు.

ఆమె ఇంకేదో చెప్పబోయి, ఊరుకుని, తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

మర్నాడే నూకరాజు పని మొదలుపెట్టాడు. అడ్డమని తలుపులు రెండూ ఊడదీయించి గోడకు ఆనించాడు. కిందికి దూరడానికి వీలుగా కారు నడిమధ్యలో జాకీలు పెట్టి పైకెత్తాడు. పట్టీలు కొలిచి కోశాడు. మస్తాన్ కాసేపు కారు చుట్టూ తిరిగి, వంగి చూసి, దగ్గరికొచ్చాడు.

"అన్నా, బండి ఇలా జాకీల మీద ఉండగా... పట్టీలు అంటించే ముందు..."

"తెలుసులేరా. నేను వెల్డింగ్ నేర్చినప్పటికి నువ్వు లాగూలేసుకుంటున్నావు," అన్నాడు నూకరాజు, నల్లద్దం కిందికి లాక్కుంటూ.

మస్తాన్ పానాలు తుడుచుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆరో రోజుకి పని పూర్తయింది. అతుకులు చూడముచ్చటగా కుదిరాయి. నూకరాజు మీసం మీద చెయ్యేసుకుని కారును కిందికి దింపించి, తలుపులు బిగించమన్నాడు. తలుపు వేస్తే లాకు పడలేదు. వేలెడు దూరంలో ఆగిపోయింది. నూకరాజు గట్టిగా తోశాడు. తలుపు మళ్ళీ వెనక్కి వచ్చేసింది. రెండో వైపూ అంతే.

"మస్తానూ, ఆ రోజు ఏదో చెప్పబోయావు. ఏంటది?" అని అడిగాడు.

మస్తాన్ మామూలుగానే రెండుసార్లు ఆగాడు. ఈసారి నూకరాజు నోరు మెదపలేదు.

"మధ్యలో జాకీ పెట్టి ఎత్తితే... ముందూ వెనకా బరువుకి కిందికి వాలతాయన్నా. ఆ వాలు మీద పట్టీ అంటిస్తే... అదలాగే ఉండిపోద్ది. బండిని చక్రాల మీద నిలబెట్టి, తలుపులు వేసుంచి, అప్పుడు అంటించాలన్నా. అంతే చెబుదామనుకున్నాను."

అంతే. పది క్షణాలు పట్టే మాట. ఆ పది క్షణాలు ఇవ్వనందుకు నూకరాజుకు నెలన్నర పట్టింది. అంటించిన పట్టీలు కోసి తీస్తుంటే తుప్పుపట్టిన అడుగు రేకు ముక్కలుముక్కలుగా ఊడివచ్చింది. కొత్త రేకు కొట్టించి, అంతా మొదటినుంచి చెయ్యాల్సి వచ్చింది. ఆలస్యమవుతుందని ఫోను చేస్తే, సుభద్రగారు "అలాగేనండి" అని పెట్టేశారు.

చివరికి కారు సిద్ధమైంది. మస్తాన్ ఒక చక్రం కింద ఇటుక పెట్టి తలుపు వేసి చూపించాడు. కారు ఒక మూల లేచి ఉన్నా, ఒంటి వేలితో తోస్తే లాకు టక్కున పడింది. నూకరాజు స్వయంగా కారును సుభద్రగారింటికి నడుపుకెళ్ళాడు. దారిలో గతుకులున్నాయి గాని అద్దం వణకలేదు.

"అక్కగారు తయారేనాండీ?" అన్నాడు ఉత్సాహంగా.

"ఆ రోజు చెప్పబోయింది అదేనండి," అన్నారు సుభద్రగారు. "ఆ నెలాఖరు దాకానే ఆవిడ కూర్చోగలదన్నారు డాక్టరుగారు. ఇప్పుడు మంచం మీంచి లేపకూడదట."

నూకరాజు కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అడిగితే కారును వెనక గది కిటికీ దగ్గరికి తెచ్చి ఆపాడు. లోపల మంచం మీద ఆ పెద్దావిడ తల కొంచెం ఇటు తిప్పింది.

"గలగలమనట్లేదేమే సుభద్రా? నాన్న కారేనా?"

"బాగు చేయించానక్కా. ఇదిగో, ఈయనే చేశారు."

"మంచి పని చేశావు నాయనా," అందావిడ కిటికీలోంచి. "ఇంకెవరైనా హాయిగా వెళ్ళొస్తారు."

తిట్టినా బాగుండేదని నూకరాజుకు అనిపించింది. కారు తాళాలు సుభద్రగారికి ఇచ్చేశాడు. షెడ్డు దాకా నడిచే వచ్చాడు, దారంతా కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తరవాత మస్తాన్ నోరు తెరిస్తే నూకరాజు చేతిలో పని కింద పెట్టేసేవాడు. అతను ఎన్నిసార్లు ఆగినా ఎదురుచూసేవాడు. కాని ఉప్పాడ రోడ్డు వైపు పనిపడితే మాత్రం మస్తాన్‌నే పంపేవాడు, తాను వెళ్ళేవాడు కాదు.

ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినాలి. తెలుసంటూ సగంలో తుంచేసినవాడికి, నిజంగా తెలిసేసరికి దిద్దుకునే వేళ దాటిపోతుంది.