సోమసాని తాంబూలం

అనగనగా, మనుషులకే కాక ఏనుగులకు కూడా ఆస్థాన వైద్యుడున్న ఒక రాజ్యం. ఆ రాజు పేరు జయమల్లుడు. ఆ వైద్యుడి పేరు తిప్పన.

తిప్పన తల నెరిసింది గాని చెయ్యి వణకలేదు. ఏనుగు చెవి వెనక చెయ్యి పెట్టి జ్వరం ఉందో లేదో చెప్పేవాడు. లద్దె చూసి నిన్న ఏ మేత తిన్నదో చెప్పేవాడు. అంతటి గజవైద్యుడు చుట్టుపక్కల రాజ్యాల్లో లేడని అందరూ అనేవారు. తిప్పన కాదనేవాడు కాదు.

ఒక వేసవిలో రాజు అతన్ని పిలిపించాడు. వానలు పడకముందే ఏనుగుల దండు కొండకోటకు చేరాలి. వానలు మొదలైతే వాగులు పొంగి దారి మూసుకుపోతుంది. మళ్లీ చలికాలం వచ్చేదాకా కోటకు మనిషి పోలేడు, కోట నుంచి కబురు రాదు. కిందటేడు అక్కడ కడుపుబ్బరం వచ్చి రెండు ఏనుగులు పోయాయి. తిప్పన వెంట వెళ్దామంటే మోకాళ్లు కొండెక్కనిచ్చేలా లేవు.

"నువ్వు ఎక్కలేవు. నీ విద్య ఎక్కాలి. గ్రంథం రాయి," అన్నాడు రాజు.

రాజు అడక్కపోయినా తిప్పన రాసేవాడే. ఆ దండులో చంద్రమల్లి ఉంది. తల్లి చచ్చిపోయి అడవిలో దిక్కులేకుండా దొరికిన గున్న అది. దానికి తన చేత్తో పాలు పట్టి పెంచాడు.

ఆ రాజ్యంలో గ్రంథం రాయాలనుకున్న వాళ్లంతా సోమసాని ఇంటి అరుగెక్కేవారు. రాజుగారి గ్రంథశాల ఆమె చేతికింద ఉండేది. నేత తెలిసినవాడైనా, ఓడ నడిపినవాడైనా, ఎవరి విద్యను వాళ్లచేతే రాయించేది. ఎవరి బదులూ తాను గంటం పట్టేది కాదు.

ఆమె దగ్గర ఒక ఆచారం ఉండేది. రాసిన గ్రంథాన్ని, అది ఎవరికోసం రాశారో వాళ్లచేతే చదివించేది, చదివిన ప్రకారం చేయించేది. అంతసేపూ రాసినవారు నోట్లో తాంబూలం పెట్టుకుని ఎదురుగా కూర్చోవాలి. ఆకు నమలవచ్చు గాని మాట్లాడకూడదు.

"ఎందుకమ్మా ఈ శిక్ష?" అని అడిగాడు తిప్పన.

"గ్రంథం వెంట మీరు వెళ్లరు కాబట్టి వైద్యులవారూ," అంది సోమసాని.

తిప్పన తన తాటాకుల కట్ట తెచ్చాడు. ముగ్గురూ గజశాల ముందు చేరారు. మూడోవాడు చంద్రమల్లి మావటి, బయ్యన. అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. వైద్యం తెలియదు. చంద్రమల్లికి కడుపు ఉబ్బిందనుకుని గ్రంథంలో ఉన్నట్టు చెయ్యమంది సోమసాని.

తిప్పన మొదటి తాంబూలం నోట్లో పెట్టుకున్నాడు.

బయ్యన చదవడం మొదలుపెట్టాడు. మొదటి ఆకు నిండా బ్రహ్మాండం ఎలా పుట్టిందో ఉంది. ఆ తరవాతి ఆకుల నిండా ఎనిమిది దిక్కుల్నీ మోసే దిగ్గజాలున్నాయి. ఎంత చదివినా కడుపుబ్బరం రాలేదు. ఎండెక్కింది. బయ్యన విసుగుతో ఆకుల్ని పక్కన పెట్టి చెమట తుడుచుకుంటుంటే, చంద్రమల్లి తొండం చాచి ఆ దిగ్గజాలన్నిటినీ నోట్లో వేసుకుని నమిలేసింది.

తిప్పన కంగారుగా లేచాడు. సోమసాని నవ్వలేదు.

"ఒక్కరికైనా రుచించింది," అంది. "వైద్యులవారూ, ఈ పాటికి ఏనుగు కింద పడిపోయి ఉంటుంది. బయ్యన ఇంకా బ్రహ్మ దగ్గరే ఉన్నాడు. రోగంతో మొదలుపెట్టండి."

"దిగ్గజాలు లేకుండా గజశాస్త్రమా?"

"చివర పెట్టండి. ఏనుగు లేచాక తీరిగ్గా చదువుకుంటాడు."

తిప్పన మొహం చిన్నబుచ్చుకుని ఇంటిదారి పట్టాడు. దారిలో ఆస్థానకవి భైరవుడు ఎదురయ్యాడు. ఆ ఆడమనిషితో మీకెందుకు, విషయం చెప్పండి, పద్యాలు నేను కట్టిపెడతాను, సభ మారుమోగుతుంది అన్నాడు. తిప్పనకు ఆశ పుట్టింది. ఒక మందు చెప్పి చూశాడు. భైరవుడు అప్పటికప్పుడే పద్యం చదివాడు. గొప్పగా ఉంది. అందులో శొంఠి కాస్తా విశ్వభేషజమైంది. తిప్పన ఆ పద్యాన్ని బయ్యనకు వినిపించాడు. బయ్యన భక్తిగా దణ్ణం పెట్టి, ఆ విశ్వభేషజం ఏ కొండమీద దొరుకుతుందని అడిగాడు.

తిప్పన ఇంటికెళ్లి మళ్లీ గంటం పట్టాడు.

రెండోసారి గ్రంథం రోగంతోనే మొదలైంది. మళ్లీ రాసిన దిగ్గజాలు చివరి ఆకులకు వెళ్లాయి. తిప్పన రెండో తాంబూలం వేసుకుని ధీమాగా కూర్చున్నాడు. బయ్యన చదివాడు: శొంఠి తగినంత, వాము తగినంత, ఇంగువ తగినంత, గోరువెచ్చని నీళ్లలో కలిపి తాగించాలి. బయ్యన ఇంగువ డబ్బాలోకి చూశాడు. తిప్పన మొహంలోకి చూశాడు. తిప్పన కళ్లతో ఏదో చెప్పబోతే సోమసాని మధ్యలోకి వచ్చి నిలబడింది. చివరికి బయ్యన చిటికెడు ఇంగువ తీసి, ఇంత పెద్ద ఒంటికి ఇదేం చాలుతుందని, డబ్బా మొత్తం బొర్లించాడు.

"తగినంత అంటే ఎంత?" అంది సోమసాని.

"నా చేతికి తెలుసమ్మా."

"మీ చెయ్యి కొండెక్కడం లేదు కదా."

తిప్పనకు కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ల అనుభవాన్ని తూకం వేస్తారా అని గొణుక్కుంటూ వెళ్లాడు. కాని ఇంటికెళ్లి మందులన్నీ ముందేసుకుని, చెయ్యి చేసే పనిని మొదటిసారి కళ్లతో చూశాడు. కొండమీద త్రాసులుండవు. బయ్యన చేతులుంటాయి. అందుకని మావటి పిడికెడు, మావటి దోసెడు, మావటి చిటికెడు అని ప్రతి మందుకూ కొలత రాశాడు. రాస్తున్నకొద్దీ కోపం తగ్గి, తనకు ఇంత తెలుసా అని తనకే ఆశ్చర్యం వేసింది.

మూడోసారి బయ్యన సైగ చెయ్యగానే చంద్రమల్లి నిజంగా జబ్బు చేసినట్టు పక్కకు ఒరిగి పడుకుంది. తిప్పన మూడో తాంబూలం నములుతున్నాడు. బయ్యన ఎక్కడా తడుముకోలేదు. పిడికెడు ఇది, చిటికెడు అది కొలిచి, కలిపి, తాగించాడు. గ్రంథం ప్రకారం పని అయిపోయింది. తిప్పన ఛాతీ పొంగింది.

అప్పుడు బయ్యన చంద్రమల్లిమీద దుప్పటి కప్పాడు. తల దగ్గర కూర్చుని, పడుకో తల్లీ పడుకో అంటూ వింజామర విసరసాగాడు.

తిప్పన తాంబూలం ఉమ్మేశాడు. "లేపరా దాన్ని! అలా పడుకోనిస్తే చచ్చిపోతుంది!"

సోమసాని అతని వైపు తిరిగింది. "ఆ మాట గ్రంథంలో ఏదీ?"

"అది రాయాలా? ఏనుగుకు దాని బరువే శత్రువు. ఒరిగి ఉన్నంతసేపూ లోపల ఊపిరితిత్తులు నలిగిపోతాయి. అందరికీ తెలిసిందే కదా!"

"నాకు తెలియదయ్యా," అన్నాడు బయ్యన. "నాకు ఒంట్లో బాగాలేకపోతే మా అమ్మ పడుకోబెట్టేది."

తిప్పనకు అప్పుడు తట్టింది. కిందటేడు కోటలో పోయిన ఏనుగుల పక్కన కూడా ఎవరో ఇలాగే జాలిగా కూర్చుని విసిరి ఉంటారు. మందు తెలియక మాత్రమే కాదు అవి పోయింది. ఆ రోజే ఒక కొత్త ఆకు తీసుకుని గ్రంథానికి మొదట పెట్టాడు. దానిమీద ఒకే మాట రాశాడు: జాలిపడి పడుకోనివ్వకు, లేపి నడిపించు.

గ్రంథాన్ని వేపనూనె పట్టించిన గుడ్డలో చుట్టమంది సోమసాని. చంద్రమల్లి తొండం పెట్టి వాసన చూసి మొహం తిప్పుకుంది.

దండు కొండెక్కింది. వానలు పడ్డాయి. దారి మూసుకుపోయింది. తిప్పన రోజూ గజశాలకు వెళ్లి చంద్రమల్లి ఉండే చోట కాసేపు నిలబడి వచ్చేవాడు.

చలికాలం రాగానే కోట నుంచి దండు తిరిగి వచ్చింది. రాజు సభ తీర్చి ఉన్నాడు. బయ్యన లోపలికి వచ్చి తిప్పన కాళ్లమీద పడ్డాడు. జోరువానలో ఒక మధ్యాహ్నం చంద్రమల్లి పొట్ట ఉబ్బి పడిపోయిందట. పడుకోనివ్వరా పాపం, మూగజీవి అని తోటివాళ్లు తిట్టారట. బయ్యన మొదటి ఆకు వాళ్ల ముందు పెట్టి పైకి చదివాడట. రెండు మగ ఏనుగుల్ని చెరోపక్కా ఆనించి, ఏడుస్తూనే దాన్ని లేపి, మందు తాగించి, వానలో కోటచుట్టూ తిప్పాడట.

"ఎక్కడుంది?" అన్నాడు తిప్పన.

బయట ఘీంకారం వినిపించింది. సభంతా నవ్వింది.

"అది కోలుకునేటప్పుడు ఆ దిగ్గజాల కథ చదివి వినిపించానయ్యా," అన్నాడు బయ్యన. "చాలా బాగుంది."

రాజు సోమసానిని పిలిచి, ఇందులో నువ్వు రాసిందెంత అని అడిగాడు.

"ఒక్క అక్షరం కూడా లేదు ప్రభూ. తిప్పనగారి విద్య, తిప్పనగారి మాట."

"నిజమే ప్రభూ," అన్నాడు తిప్పన, తల ఎత్తుకుని. "ప్రతి అక్షరం నాదే. అందులో ఏది లేదో చూపించింది మాత్రం ఈ అమ్మ."

రాజు ఇద్దరికీ పట్టుబట్టలు కప్పి, తన చేత్తో తాంబూలాలిచ్చాడు. రాజ్యంలోని మావటులందర్నీ రప్పించి ఆ గ్రంథాన్ని మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా చదివించాడు. తిప్పన తాంబూలం నములుతూ కూర్చున్నాడు. చదువు పూర్తయ్యేదాకా ఒక్క మావటి కూడా సందేహం అడగడానికి అతని వైపు తిరగలేదు. తన జన్మలో అంతటి సన్మానం తిప్పన ఎరగడు.

కాబట్టి పిల్లలూ, రాసినవారు పక్కన లేకపోయినా చదివినవారి పని నెరవేర్చేదే మంచి గ్రంథం. అది రాయాలంటే మనకు తెలిసింది ఎదుటివారికి తెలియదని ముందు మనం తెలుసుకోవాలి.