గోడ మీద రూతమ్మ పాస్‌వర్డ్

అంకమరావుకు పరీక్షలు రాయడం వచ్చేసింది. రావాల్సింది వినయం ఒక్కటే.

ఒంగోలులో ఎరువుల కొట్టు పైన మేడలో అతని ఆఫీసు. పసిపిల్లల టీకాల తేదీలు గుర్తుచేసే ఫోన్ యాప్ అక్కడ తయారవుతోంది. ఆ యాప్ సరిగా పనిచేస్తోందో లేదో మనిషి బదులు కంప్యూటరే నొక్కి చూసేలా పరీక్షలు రాయడం అతని పని. పది రోజుల్లో మూడొందలు రాశాడు. ఆ వేగానికి కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగి నున్నబడ్డాయి. పక్క బల్ల మీది కాగితాలు లేచి కర్నూలు దాకా వెళ్ళాయి.

అతనికి పని నేర్పింది మస్తానమ్మ మేడమ్. ఆమె ఫోన్ వంక ఒక్క చూపు చూస్తే చాలు, లోపల దాక్కున్న తప్పు తానే బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడుతుంది. పెంచి చెప్పడం లేదు. ఒకటి రెండు తప్పులైతే ఏడ్చాయి కూడా.

అంకమరావు తన పరీక్షలన్నీ ఆఫీసులో నలభైమందీ తెరిచే ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టి, చూసి సంతకం చేయమని మేడమ్‌ని అడిగాడు. ఆ సంతకం పడితే ఉద్యోగం ఖాయం. మేడమ్ చదివింది. సంతకం చేయలేదు.

మర్నాడు అతను వచ్చేసరికి, తను రాసిన మొదటి పేజీ మెట్ల దగ్గర గోడకు అంటించి ఉంది. కింద కొట్లో హమాలీలు కూడా పైకొచ్చి చూస్తున్నారు. అతని ఛాతీ ఎంత పొంగిందంటే, చొక్కా గుండీలు రెండు ఊడి ఎదురింటి కిటికీకి తగిలాయి. మురిసిపోతూ దగ్గరికెళ్ళి మూడో వరుస చదివాడు.

నర్సు రూతమ్మ పేరు. పక్కనే ఆమె పాస్‌వర్డ్.

యాప్ లోపలికెళ్ళి చూసుకోమని, నీ ఒక్కడికే చెబుతున్నానని ఆమె ఇచ్చింది. దాంతో తెరిస్తే, యాప్‌ని ముందుగా వాడి చూస్తున్న ఆరు ఊళ్ళ తల్లీబిడ్డల వివరాలన్నీ కనిపిస్తాయి. బయటికి పొక్కితే ముందు పోయేది ఆమె ఉద్యోగమే.

కాగితం చింపి ఉండచుట్టి, మేడమ్ దగ్గరికి పరుగెత్తాడు.

"పాస్‌వర్డ్ గోడకు అంటిస్తారా మేడమ్? పదిమంది చూశారు."

"నువ్వు నలభైమందికి చూపించావుగా అబ్బాయ్."

అతను చేతిలోని కాగితపుండని జేబులో కుక్కుకున్నాడు. మేడమ్ అప్పుడు చెప్పింది, నిన్ననే రూతమ్మకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్పించానని, గోడ మీదిది ఇక పనిచేయదని, పరీక్షల కోసం ఉత్తుత్తి పేర్లతో వేరే ఖాతా చేయించానని. అంకమరావు వదిలిన నిట్టూర్పుకి పైన ఫ్యాను రెండు చుట్లు వెనక్కి తిరిగింది.

ఆ రోజంతా కూర్చుని మూడొందల చోట్లా పాస్‌వర్డ్ తీసేశాడు. దాని బదులు ఒక పేరు మాత్రం రాశాడు. ఆ పేరు వెనకున్న అసలు పాస్‌వర్డ్‌ని, పరీక్షలు నడిపే కంప్యూటర్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా విడిగా పెడతారు. పరీక్ష తనకు కావలసినప్పుడు అక్కణ్ణించి తీసుకుంటుంది. కొత్త ఖాతా పాస్‌వర్డ్ చెబితే పెట్టేస్తానని సాయంత్రం మేడమ్‌ని అడిగాడు.

మేడమ్ చెప్పలేదు. ఆ కంప్యూటర్ ముందు తానే కూర్చుని టైపు చేసి, లేచి కుర్చీ అతనికిచ్చింది.

అంకమరావు పరీక్షలు నడిపాడు. బల్ల మీద ఫోన్ దానంతటదే లాగిన్ అయింది. అన్నీ నెగ్గినట్టు మూడొందల వరుసలూ పచ్చగా వచ్చాయి. మేడమ్ కలం తీసి సంతకం పెట్టింది.

"పాస్‌వర్డ్ ఏంటో నాకింకా తెలీదు మేడమ్," అన్నాడు మెల్లగా.

"పని ఆగిందా నాయనా?"

అంకమరావు ఆ పచ్చ వరుసల వంక ఒకసారి చూసి, లేచి కుర్చీ మేడమ్ వైపు జరిపాడు.