సందేహాలు లేవు

“నాకు ఫిజిక్స్ వచ్చు మాస్టారూ. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు. ఒక్క సంతకం కోసం నలభై పాఠాలు ఎందుకండీ?” అని అడిగాడు పైడిరాజు.

అడిగింది మా బి.ఎడ్. కాలేజీ వరండాలో, శుక్రవారం పొద్దున్న. సోమవారం అతను ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాలి. బడికి వెళ్లి ఆ నలభై పాఠాలూ చెప్పాడని మా లెక్చరర్ సత్యంనాయుడు మాస్టారు పాఠాల రికార్డు మీద సంతకం పెడితేనే చేర్చుకుంటారు. ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే అలవాటు మాస్టారికి లేదు. చెప్పులు తొడుక్కుని బయల్దేరతారు. ఆవేళా అంతే. పైడిరాజు రికార్డు చంకన పెట్టుకుని, అతన్నీ నన్నూ వెంటబెట్టుకుని, మేం పాఠాలు చెప్పిన బడికే నడిచారు.

చెప్పామనడం కూడా సిగ్గుమాలిన మాటే. సీనియర్ల రికార్డులు తెచ్చుకుని హాస్టల్లో కూర్చుని దించేశాం. టీచరు ఏమడిగాడో, పిల్లలేం చెప్పారో, అన్నీ పాఠం చెప్పకుండానే రాసేశాం. పిల్లల పేర్లూ తేదీలూ మాత్రం మార్చాం. ఆ బడిలో రెండేళ్లుగా సైన్సు టీచరే లేడు. డ్రాయింగు మాస్టారు గైడు చూసి బోర్డు మీద రాస్తే పిల్లలు ఎక్కించుకుంటున్నారు. అలాంటి పిల్లల నోట్లో మాటలు కూడా మేమే పెట్టాం, ఛీ!

తొమ్మిదో తరగతిలో మాస్టారు రికార్డులోంచి ఒక పేరు చదివి, ముందు బెంచీలో చెయ్యెత్తిన పిల్లకి రికార్డు అందించారు.

“ఇదిగో సంతోషీ, నువ్వు చెప్పిన జవాబుట. చదువమ్మా.”

ఆ పిల్ల లేచి కూడబలుక్కుంటూ చదివింది. “ద్రవంలో మునిగిన వస్తువుపై, అది తొలగించిన ద్రవం బరువుకు సమానమైన బలం పైకి పనిచేస్తుంది సార్.” ఆగి మా వంక చూసింది. “ఇది నేను సెప్పలేదండీ. నన్నెవరూ అడగలేదు.”

మాస్టారు ఆ కింది గడి చూపించారు. ‘విద్యార్థుల సందేహాలు: లేవు.’ నలభై పాఠాల్లోనూ అదే ముక్క.

“లేవా అమ్మా?”

“ఒకటుందండీ. ఇనప మేకు నీళ్లల్లో ఎయ్యగానే ములిగిపోతాది. మరంత ఇనప ఓడ ఎలాగ తేల్తాదండీ?”

పైడిరాజు తడుముకోకుండా ఆ సూత్రమే అప్పజెప్పాడు.

“అంటే ఏటండీ?” అంది సంతోషి.

అతను మళ్లీ అదే చెప్పాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా. ఆ పిల్ల కూర్చుంది. క్లాసంతా నోటుబుక్కులు తీసి ఆ సూత్రం రాసుకోవడం మొదలెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది.

గేటు దగ్గర పైడిరాజు మాస్టారికి అడ్డంగా నిలబడ్డాడు. “మీరు సంతకం పెట్టకపోతే సోమవారం నా ఉద్యోగం పోతుంది మాస్టారూ.”

మాస్టారి ముఖం జేవురించింది. సంతకం పెట్టకుండానే రికార్డు అతని చేతిలో పెట్టేశారు.

“నీకు ఒక్క సోమవారం పోతుందంటే వచ్చి నన్నడిగావు. రెండేళ్ల సోమవారాలు పోయాయి, ఆ పిల్ల ఎవర్నడగాలిరా?”