ఏడుపు వినిపించని పెట్టె

రెండువేల ఆరు ఎండాకాలంలో జరిగిన సంగతి ఇది. గాజువాకలో కార్లకు పాటల పెట్టెలు బిగించే అప్పలకొండ మేస్త్రీ అయిదేళ్లపాటు దీన్ని ఎవరికీ చెప్పలేదు. శిష్యుడు గౌరునాయుడు ఒక మాట అడగబట్టి బయటపడింది.

"మేస్త్రీ, వచ్చినోళ్లంతా బాండ్‌పాస్ పెట్టె కావాలంటున్నారు. చిన్న ఆంప్లిఫయరుకే బండి అదిరిపోతాది. సామాన్లు తగిలి స్పీకరు చిరిగే భయం లేదు. మీరేమో వచ్చినోళ్లని వచ్చినట్టే పంపేస్తారు. దానిలో ఏటి తప్పు?"

మామూలు పెట్టెకు స్పీకరు ముఖం బయటికే ఉంటుంది. బాండ్‌పాస్ పెట్టెలో అది కనబడదు. రెండు అరల మధ్య గోడకు బిగించి మూసేస్తారు. శబ్దం ఒక గొట్టంలోంచి మాత్రమే బయటికి వస్తుంది.

మేస్త్రీ చెక్క కోయడం ఆపి, బల్లమీది పొట్టు తుడిచి కూర్చున్నాడు. "తప్పని నేననలేదు. చోటు ఎక్కువ తింటాది, కొలత కాస్త తప్పితే చెత్తలో పారెయ్యాలి, ఏ పాటకైనా ఒకటే గుమ్ము. అవన్నీ నీకు తెలిసినవే. సన్యాసిరావు సంగతి విను."

సన్యాసిరావు అరకు రోడ్డు మీద సుమో తిప్పేవాడు. ఘాటులో ఇంజను మోతకు పాట వినబడటం లేదని వచ్చాడు. మేస్త్రీ అతనికి బాండ్‌పాస్ పెట్టె కట్టాడు.

మేస్త్రీకి ఒక పద్ధతి ఉండేది. పెట్టె బిగించాక పాట పెట్టి, స్పీకరు ఏడ్చేదాకా శబ్దం పెంచేవాడు. మోయలేని స్పీకరు చిరిగిన డప్పులా పటపటమంటుంది. ఆ పనివాళ్లు దాన్నే ఏడవడం అంటారు. అక్కడినుంచి కొంచెం వెనక్కి తిప్పి, వాల్యూం బటను పక్కన మేకుతో గీత గీసి, ఇది దాటొద్దని బండివాడికి చెప్పేవాడు. సన్యాసిరావు పెట్టెకు చివరిదాకా తిప్పినా ఏడుపు రాలేదు. లోపల స్పీకరు ఎంత ఏడ్చినా గొట్టంలోంచి నున్నటి గుమ్మే వస్తుందని ఆయనకు అప్పుడు తోచలేదు. తన పనితనమే అనుకున్నాడు. పక్క షెడ్లవాళ్లు కూడా వచ్చి విని మెచ్చుకుని వెళ్లారు.

"గీత ఏది మేస్త్రీ?" అని సన్యాసిరావు అడిగాడు.

"దీనికి గీత అక్కర్లేదురా. నీ చెవులు ఓర్చుకున్నంత పెట్టుకో."

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు సన్యాసిరావు అరకులో సవారీలను దింపి, మధ్యాహ్నం ఖాళీ బండితో ఘాటు దిగుతున్నాడు. భార్య నూకాలు వెంట ఉంది. మలుపులకు కడుపులో తిప్పుతుందని మాత్ర మింగి, వెనక సీటులో పెట్టె పక్కనే ఒరిగింది.

"ఆ మోత తగ్గించవయ్యా," అంది.

"మాత్ర మింగినదానివి, నీకు మోతేటి, పడుకో," అన్నాడు. ఆమె నవ్వి కొంగు మొహం మీదికి లాక్కుంది.

సగం ఘాటు దిగేసరికి మాడిన వాసన వచ్చింది. ఘాటు దిగే డ్రైవరుకు మాడిన వాసన అంటే బ్రేకు లైనర్లే. వేరే ఆలోచన రాదు. సన్యాసిరావు బండి పక్కకు ఆపి చక్రానికి రాయి పెట్టాడు. ఆమె నిద్ర చెడుతుందని ఏసీ ఆపలేదు, అద్దాలు దించలేదు, పాట కట్టెయ్యలేదు. క్యాను పట్టుకుని నీళ్లకోసం కింద పారే గెడ్డలోకి దిగాడు.

పెట్టెలో స్పీకరు లోపలి తీగచుట్ట ఎర్రగా కాలి, గోడలకు అతికించిన దూదికి నిప్పంటుకుంది. ఆ పొగకు కూడా గొట్టమొక్కటే దారి. అది బండిలోకే ఉంది. ముందు తలుపుల్లో ఉన్న చిన్న స్పీకర్లు పాడుతూనే ఉన్నాయి. గెడ్డలో ఉన్నవాడికి పైనుంచి పాట వినబడుతూనే ఉంది.

అతను పైకి వచ్చి ముందు చక్రాల మీద నీళ్లు పోశాడు. సుర్రుమని ఆవిరి లేవలేదు. వెనక చక్రాలకు పోయడానికి వంగి, లేస్తూ అద్దంలోకి చూశాడు. లోపల ఏమీ కనబడలేదు. అద్దమంతా తెల్లగా ఉంది.

మేస్త్రీ అక్కడ ఆగాడు. గౌరునాయుడు చేతిలోని చెక్కముక్క బల్లమీద పెట్టాడు.

"అయినా మేస్త్రీ, బటను అతని చేతిలోనే ఉంది కదా. తగ్గించుకోవలసింది."

"ఉంది," అన్నాడు మేస్త్రీ. "ఎంతవరకు తిప్పాలో చెప్పినోణ్ణి నేను."

"మరి ఇప్పుడు వచ్చినోళ్లకి ఏటి చెప్పమంటారు? కట్టమంటారా, వద్దంటారా?"

మేస్త్రీ రంపం అందుకుని, చెక్క మీద పెన్సిలు గీతకు సరిగ్గా ఆనించాడు.

"నూకాలుకి ఇరవై నాలుగేళ్లు," అన్నాడు.