వాన ఆపేసిన విరాటపర్వం

యల్లమంద దాసుగారికి అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి ఎగాదిగా చూసి, "ఊఁ, చూద్దాం" అని, ఆ తరవాత ఆ సంగతే మరచిపోయినట్టు ఉండేవారు. ఆయన దగ్గర హరికథ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఆ "చూద్దాం" కోసం కాచుకుని కాచుకుని విసిగిపోయారు. ఒకడు బస్టాండులో టీకొట్టు పెట్టుకున్నాడు, ఒకడు ఎన్నికలప్పుడు ఆటోలో మైకు పట్టుకుని తిరుగుతున్నాడు, ఒకడు ఏమయ్యాడో కూడా తెలియదు. చివరికి మిగిలింది కోటిలింగం. మిగిలినందుకు అతనికి గర్వమేమీ లేదు. వెళ్ళిపోవడానికి కూడా ఓపిక లేక మిగిలిపోయానని అతని అభిప్రాయం.

ఆ ఏడు శ్రావణం వచ్చేసరికి అతని కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. గొంతు ఉంది, పద్యం ఉంది, కాలికి గజ్జె కట్టి నిలబడితే చూడముచ్చటగానే ఉంటాడు. లేనిదల్లా పిలిచేవాళ్ళు. ఒంగోలులో బావమరిదికి లారీ టైర్ల షాపు ఉంది. నమ్మకమైన మనిషి కావాలని, ఈ అమావాస్య లోపల వస్తే ఆ చోటు బావకే ఇస్తానని, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని కబురు చేశాడు. భార్య ఆ కబురు విని లేచింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కూర్చుంది. అది అతనికి తిట్టినదానికంటే ఎక్కువగా తగిలింది.

మర్నాడు దాసుగారు అరుగు మీద కూర్చుని గజ్జెల పట్టీ కుట్టుకుంటుంటే కోటిలింగం ఎదురుగా కూర్చుని అడిగేశాడు. "గురువుగారూ, కడుపు బెంగ వెంట ఉన్నంతకాలం విద్య మీద మనసు నిలవడం లేదు. ముందు ఆ బెంగ తీర్చుకుని, నాలుగేళ్ళు స్థిమితపడి, ఆ తరవాత కథ పట్టుకుంటే బాగుపడతానేమో. మీరేమంటారు?"

దాసుగారు దారాన్ని పంటితో తెంపి, ఎగాదిగా చూశారు. "ఊఁ, చూద్దాం. నల్లగుంటపాలెం వాళ్ళు విరాటపర్వం చెప్పించుకుంటున్నారు. సంచీ సర్దుకో."

వానలు మొహం చాటేసిన ఏడు విరాటపర్వం చెప్పిస్తే చినుకు పడుతుందని ఆ వైపు నమ్మకం. వినడానికి ఎంత బాగున్నా చెప్పేవాడికి మాత్రం అంత దిక్కుమాలిన కథ ఇంకోటి లేదు. కథ పూర్తయినా వాన రాకపోతే దాసు ఏదో నియమం తప్పాడంటారు. మధ్యలోనే వాన వస్తే, ఇంకా కథెందుకని మంగళం పాడించేస్తారు. అదీ అక్కడి ఆనవాయితీ. దాసుగారు జన్మంతా ఆ కథే చెప్పుకుంటూ తిరిగారు. కరువు ఏడాది పెళ్ళిళ్ళుండవు, ఉత్సవాలుండవు, విరాటపర్వం ఒక్కటే ఉంటుంది. ఆ ఊళ్ళన్నీ తిరిగి తిరిగి ఆయన అరికాళ్ళు పగుళ్ళు బారాయి, రొమ్ములో ఆయాసం చేరింది.

నల్లగుంటపాలెంలో పొగాకు ఆరబెట్టే ఒక పాత బ్యారన్ ముందు జాగాలో చాపలు పరిచి, రెండు బల్లలు కలిపి వేదిక వేశారు. కీచకుడు చచ్చేదాకా దాసుగారే చెప్పారు. అక్కడికి ఆయన గొంతు జీరపోయి, మాట గాలిగా మారింది. "మిగతాది నువ్వు చెప్పరా, నేను హార్మోనియం పడతా" అన్నారు. మిగతాది అంటే కౌరవులు ఆవులను తోలుకుపోవడం, విరాటరాజు కొడుకు ఉత్తరుడు గొప్పలు చెప్పి యుద్ధానికి బయలుదేరడం, బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు అతని రథం తోలడం. కోటిలింగం నెలల తరబడి సాధన చేసిన ఘట్టం అదే. అతను ఆడే ఉత్తరుడికి జనం పడిపడి నవ్వుతారు. పంచె ఎగగట్టి, గొంతు సన్నం చేసి, పిల్లిలా వంగి పారిపోతుంటే నవ్వని వాళ్ళుండరు. దాసుగారు మాత్రం ఏనాడూ నవ్వలేదు.

ఆ రాత్రి కథ ఆపాక ఊరి పెద్ద మాలకొండయ్య వచ్చి కోటిలింగాన్ని పక్కకు పిలిచాడు. "చిన్నదాసుగారూ, రేపటి కథకి పక్కూరోళ్ళు వస్తన్నారు. ఆళ్ళు నవరాత్రులకి దాసును చూసుకుంటన్నారు. పెద్దాయన గొంతు అయిపోయిందని ఆళ్ళకీ తెలిసింది. నీ కథ నచ్చితే ఇంక ఏటా నువ్వే. బాగా చెప్పు మరి."

కోటిలింగం లెక్కలు వేసుకున్నాడు. ఒక ఊరు ఏటా పిలిస్తే పక్క ఊళ్ళు పిలుస్తాయి. బావమరిదికి రానని కబురు చేయొచ్చు. భార్య మొహంలోకి చూస్తూ అన్నం తినొచ్చు. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన రోజు రేపే అనుకున్నాడు.

ఆ రేపు తెల్లవారింది, వాయవ్యాన ఒక మబ్బు లేచింది.

ఊరంతా వీధుల్లోకి వచ్చి ఆ మబ్బునే చూశారు. మధ్యాహ్నానికి అది ఇంకాస్త పైకి వచ్చింది. ముసలివాళ్ళు దానికి దణ్ణం పెట్టారు. కోటిలింగమూ అందరితో పాటు తలెత్తి చూశాడు. చూసి, మనసులో, "ఇవాళొద్దు, తండ్రీ. రేపు పడు" అనుకున్నాడు. వాన కోసం పిలిపించుకున్న మనిషి తను. గడ్డి లేక ఎద్దులను అమ్ముకుంటున్న ఊరు ఇది. వీళ్ళు పెట్టిన అన్నం తింటూ, వీళ్ళ వానకు అడ్డం పడమని దేవుణ్ణి అడుగుతున్నాడు. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఆ కోరిక పోలేదు. పొద్దు వాలి, కాలికి గజ్జె కడుతున్నప్పుడు కూడా లోపల అదే నడుస్తూ ఉంది.

పక్కూరి పెద్దలు మోటారు సైకిళ్ళ మీద వచ్చి ముందు వరసలో మంచం మీద కూర్చున్నారు. కోటిలింగం ప్రార్థన పాడి కథలోకి దిగాడు. ఉత్తరుడు అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు గొప్పలు చెప్పుకున్నంతసేపూ బాగానే నడిచింది, జనం నవ్వారు. రథం కదిలింది. ఊరు దాటింది. ఎదురుగా కౌరవ సైన్యం సముద్రంలా కనబడిందని చెప్పి, చేయి ఎత్తి, ఎత్తిన చేతి వెంట తనూ చూశాడు. బ్యారన్ కప్పు మీదుగా మెరుపు మెరిసింది. మంచం మీద కూర్చున్న పెద్దలు అతన్ని చూడటం లేదు, ఆకాశం చూస్తున్నారు.

పంచె ఎగగట్టాల్సిన చోట కోటిలింగం ఎగగట్టలేదు. సాధన చేసిన హాస్యమంతా ఎటు పోయిందో పోయింది. నిలబడ్డచోటే నిలబడి, తన సొంత గొంతుతో, సన్నం చేయకుండా, ఉత్తరుడి మాటలు చెప్పాడు. "బృహన్నలా, వెనక్కి తిప్పు. గొప్పలు చెప్పుకున్నమాట నిజమే. గొప్పలు చెప్పుకున్నంత మాత్రాన చచ్చిపోవాలా? ఇంటి దగ్గర నావాళ్ళు నేను గెలిచి వస్తానని కూర్చున్నారు. వాళ్ళకి ఏం చెప్పమంటావు?" ఇవేవీ దాసుగారు నేర్పిన మాటలు కావు, అతను రాసుకున్నవీ కావు. ఎవరూ నవ్వలేదు. హార్మోనియం ఆగింది. ఉత్తరుడు రథం దిగి పరుగు తీశాడని చెబుతుండగా అతని మోచేతి మీద చినుకు పడింది.

ఆ తరవాత చెప్పడానికేముంది. జనం ఒక్కసారిగా లేచారు. అరుపులు, కేకలు, పిల్లల్ని ఎత్తుకుని పరుగులు. పక్కూరి పెద్దలు మోటారు సైకిళ్ళు ఎక్కి తమ పొలాల వైపు వెళ్ళిపోయారు, ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. ఖాళీ చాపల ముందు దాసుగారు తన జీరగొంతుతోనే మంగళం పాడి, హార్మోనియం తడవకుండా పట్టా కప్పారు. కోటిలింగం తడుస్తూ గజ్జెలు విప్పుకున్నాడు. వాన పడినందుకు సంతోషించాలని తెలుసు. చేతకాలేదు.

పొద్దున్నే మాలకొండయ్య బియ్యం మూట, కొత్త పంచెలు పళ్ళెంలో పెట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. దాసుగారి కాళ్ళకు దణ్ణం పెట్టి మనసారా అన్నాడు. "దేవుడి దయవల్ల మళ్ళా మిమ్మల్ని పిలిచే అవసరం మా ఊరికి రాకూడదు, దాసుగారూ."

"ఆ దయ ఉండాలి నాయనా" అన్నారు దాసుగారు. పక్కూరి వాళ్ళ మాట అడగబోయి కోటిలింగం ఊరుకున్నాడు. వాళ్ళు ఇప్పుడు విత్తనాల హడావిడిలో ఉంటారు, అతని పేరు కూడా వాళ్ళకు గుర్తుండదు.

గురుశిష్యులిద్దరూ మూట మోసుకుని బస్సు ఆగే రోడ్డుకు పొలాల్లోంచి అడ్డంపడి నడిచారు. ఎర్రనేల కాబట్టి తెల్లారేసరికే విత్తేందుకు పదునుకు వచ్చింది. ఎక్కడ చూసినా గొర్రులు కట్టి కంది విత్తుతున్నారు. ఒక చేలో ఒకతను ఎద్దులను తోలుతుంటే, వెనకాల అతని భార్య వెంగమ్మ గొర్రు వెంట నడుస్తూ పిడికిట్లోంచి గింజలు వదులుతోంది. ఆమె తల ఎత్తకుండానే కేకేసింది.

"ఓ చిన్నదాసుగారూ! నిన్న ఆ ఉత్తరుడు పారిపోయాడు గదా, మళ్ళా రథం ఎక్కాడా?"

కోటిలింగానికి నవ్వు రాబోయి ఆగింది. "అదేందమ్మా, విరాటపర్వం ఎరగవా నువ్వు?"

"ఎరక్కేం, పుట్టినకాణ్ణుంచీ వింటన్నా. ఆ కథల్లో ఉత్తరుడు ఎక్కుతాడు. నువ్వు చెప్పినోడు ఎక్కేటట్టు లేడు. తెల్లవార్లూ నాకదే దిగులు."

కోటిలింగం గట్టు మీద ఆగిపోయాడు. దాసుగారు మూట దించి, ఆయాసపడుతూ దాని మీద కూర్చున్నారు. వెంగమ్మ మొగుడు ఎద్దులను అదిలిస్తూ, "పదును ఆరిపోద్ది దాసుగారూ, గొర్రు ఆగదు. చెప్పదల్చుకుంటే ఎమ్మట నడువు" అన్నాడు.

చెప్పులు గట్టు మీద వదిలి కోటిలింగం చేలోకి దిగాడు. దిగడమైతే దిగాడు గానీ, పాత అలవాటుకొద్దీ గొంతు సన్నం చేసి మొదలుపెట్టాడు. "అట్టా కాదు, నిన్నట్టా చెప్పు" అంది వెంగమ్మ. అతను గొర్రు గీసిన సాలు పొడుగునా ఉత్తినే నడిచాడు. చేతికి రాబోయి జారిపోయిన నవరాత్రులు, ముంచుకొస్తున్న అమావాస్య, పొయ్యి దగ్గర కూర్చున్న భార్య, అన్నీ మనసులో తిరిగాయి. గొర్రు మలుపు తిరిగాక మామూలు గొంతుతో అందుకున్నాడు. బృహన్నల వెంటపడి ఉత్తరుణ్ణి పట్టుకుంది. తిట్టలేదు, ఎగతాళి చేయలేదు. "నిన్ను యుద్ధం చేయమనను. పగ్గాలు పట్టుకో, చాలు. నీ చేతులు వణికితే వణకనీ, గుర్రాలకు అది తెలియదు" అంది. ఉత్తరుడు ఏడుస్తూనే ఎక్కాడు. గుండెదిటవు వచ్చి ఎక్కలేదు, వెనక్కి పోవడానికి మొహం చెల్లక ఎక్కాడు.

వెంగమ్మ చేతిలోంచి గింజలు ఆగకుండా పడుతూనే ఉన్నాయి. ఆమె కళ్ళు మాత్రం తడిశాయి. "ఆ, ఇప్పుడు ఎక్కాడు" అని పెద్దగా ఊపిరి వదిలింది. ఇక అతని వైపు చూడలేదు. గొర్రు ముందుకు పోయింది.

మట్టి కాళ్ళతో గట్టెక్కేసరికి రోడ్డు మీద బస్సు వెళ్ళిపోవడం కనిపించింది. కోటిలింగం గురువు పక్కనే నేల మీద కూలబడ్డాడు. అలసటకు తోడు అతనికి కోపం కూడా వచ్చింది. "పక్కూరి పిలుపూ పోయింది, బస్సూ పోయింది. అమావాస్య దగ్గరపడుతోంది. నేనడిగిన మాటకు మీరు ఇంతవరకూ జవాబే చెప్పలేదు గురువుగారూ."

దాసుగారు రొమ్ము రుద్దుకుంటూ అతని వైపు తిరిగారు. ఆయన మొహంలో సంతోషం లేదు, జాలి ఉంది.

"నువ్వు వెళ్ళినా నేనేమీ అనుకోను. ఈ బతుకు మంచిదని నేను ఎవరికీ చెప్పను" అన్నారు. "కానీ నిన్నటి ఉత్తరుణ్ణి నీకు నేను నేర్పలేదురా, కోటిలింగం. బెంగ తీరాక నువ్వు చెప్పినవాడూ కాడు. ఎవరు నేర్పారో కనుక్కో."